11 ఏళ్ళు విలేకరిగా చేశా, ఇప్పుడు గవర్నమెంట్ శాఖలో పీఆర్వోగా రమ్మంటున్నారు.. వెళ్ళనా, మాననా?

కాలువగట్టు_కుర్రోడు

అందరికీ నమస్తే అండి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను ఒక తెలుగు పేపర్లో 11 ఏళ్ళుగా ఉన్నా. మొదట మండలంలో కంట్రిబ్యూటర్, తర్వాత ఇన్‌ఛార్జి, ఇప్పుడు జిల్లా కేంద్రంలో స్టాఫర్. నా బీట్ ఇరిగేషన్, వ్యవసాయం. కాలవలకి నీళ్ళు ఎప్పుడొదుల్తారు, గట్టు ఎక్కడ తెగింది, శివారు ఆయకట్టుకి నీరెందుకు అందలేదు, లాకుల తలుపులు తుప్పు పట్టి ఎన్నాళ్ళయింది, ఇవే రాసుకుంటూ బతికేశా. పోయిన నెల ఒక ఇంజనీరుగారు పిలిచారు (ఆయన మీద నేను రెండుసార్లు వ్యతిరేక వార్త రాశా, అయినా మాట్లాడతారు, మంచాయన). మా ఆఫీసుకి ప్రెస్ వ్యవహారాలు చూసుకునే మనిషి కావాలి, నీకు సబ్జెక్టు తెలుసు, నువ్వొస్తావా అన్నారు. పోస్టు అవుట్‌సోర్సింగ్. జీతం ఇప్పటికంటే ఆరేడు వేలు ఎక్కువ, ఒకటో తారీఖునే పడకపోయినా ఆ నెల్లోనే ఎప్పుడో ఒకప్పుడు పడుతుందంట.

మా ఆవిడైతే ఇది వినగానే ఎగిరి గంతేసింది, రాత్రి పదకొండింటికి కొంపకి చేరే మొగుడు ఇంక సాయంత్రం ఆరింటికే వస్తాడని ఆవిడ ఆశ. నాకే కాలు ముందుకి పడట్లేదు. అసలు రోజంతా అక్కడ ఏం చేస్తారండీ? బయటి నుంచి చూస్తే పీఆర్వో అంటే మాకు ప్రెస్ నోట్ పంపేవాడు, మీటింగ్ అయ్యాక టిఫిన్ ప్యాకెట్లు లెక్కపెట్టేవాడు, అంతే తెలుసు. రేపు గట్టు తెగితే తెగలేదని రాయమంటే? ప్రెస్‌క్లబ్బులో మనోళ్ళ మొహాలు ఎట్టా చూడాలి, "ఏరా సర్కారోడివైపోయావంట కదా" అని అప్పుడే ఒకడు మొదలెట్టాడు. మళ్ళీ పేపర్లోకి రావాలనుకుంటే ఎవరైనా తీసుకుంటారా అనేది ఇంకోటి.

ఈ పని చేసినోళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ధైర్యం చెప్పడం కోసం చెప్పకండి.

పాత_ప్రెస్‌నోట్

తమ్ముడూ, ముందు మీ ఆవిడకి నిజం చెప్పెయ్. ఆరింటికి రావు.

నేను సమాచార శాఖలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యా. ఏపీఆర్వోగా (అసిస్టెంట్ పీఆర్వో) చేరా, డీపీఆర్వోగా (జిల్లా పీఆర్వో) నాలుగు జిల్లాలు తిరిగా. నీది ఒక్క శాఖ వ్యవహారం, మాది జిల్లా మొత్తం, కానీ పని రుచి ఒకటే.

పొద్దున అయిదున్నరకి పేపర్లతో మొదలు. మా రోజుల్లో కత్తెర, జిగురు, తెల్లకాగితాలు ఉండేవి, ఇప్పుడు ఈ-పేపర్లోంచి కట్ చేసి పీడీఎఫ్ చేస్తున్నారు, తేడా అంతే. ఏడింటికల్లా పెద్దాయన (మాకైతే కలెక్టరు) ఫోన్లో క్లిప్పింగ్స్ ఉండాలి. ఆయన వాకింగ్ చేస్తూ చూస్తాడు, చూసి ఏ ఆఫీసరు మీద వార్త ఉందో ఆ ఆఫీసరుకి అక్కణ్ణుంచే ఫోన్ కొడతాడు. అయిదు నిమిషాల్లో ఆ ఆఫీసరు నీకు చేస్తాడు, "ఏవండీ, అంత చిన్న ముక్క, వదిలెయ్యొచ్చుగా, మీరే పంపాలా" అని. వదిలేశావనుకో, అదే ముక్క ఇంకెవరో పెద్దాయనకి చూపిస్తారు, అప్పుడు నువ్వు దాచావని మాటొస్తుంది. అందుకని ఏదీ వదలకు, సొంత చుట్టం మీద వచ్చినా పంపెయ్. ఈ సంగతి మొదటి వారంలోనే అందరికీ తెలిసిపోతే తర్వాత ఎవడూ అడగడు.

రాయడం నీకు లెక్కలోది కాదు, రివ్యూ మీటింగ్ నోట్ అరగంటలో కొట్టేస్తావు. నీ ఆయుష్షు తినేది అప్రూవల్. మీటింగ్ ఒంటిగంటకి అయిపోతుంది, రెండింటికి నోట్ తయారు, పేషీకి పంపిస్తావు. సార్ భోజనానికి వెళ్ళారు, సార్ వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారు, సార్ ఎవరో ఎమ్మెల్యేగారితో మాట్లాడుతున్నారు. ఈలోపు అయిదింటి నుంచి విలేకర్లు "సార్ నోట్ ఏమైంది, జిల్లా పేజీ వెళ్ళిపోతోంది" అని. ఆరూ నలభైకి ఆయన ఒక్క అక్షరం మార్చకుండా వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పెడతాడు. ఆ బొటనవేలికి నాలుగున్నర గంటలు! పేపర్లో రాకపోతే మర్నాడు మళ్ళీ ఆయనే "మన వార్త రాలేదేం" అంటాడు. నా సర్వీసులో ఎక్కువ భాగం మొదట సంతకం కోసం, తర్వాత ఆ బొటనవేలి కోసం ఎదురుచూడ్డంతోనే గడిచింది, అబద్ధం కాదు. నేనేం చేసేవాణ్ణంటే మీటింగ్ జరుగుతుండగానే చేత్తో రాసి, ఆయన కుర్చీలోంచి లేచేలోపు ముందు పెట్టి సంతకం పెట్టించుకునేవాణ్ణి. లేచి వెళ్ళిపోతే ఇంక దొరకడు.

ఇంకోటి "తదితరులు". ఇది నవ్వులాటగా తీసుకోకు. "ఈ కార్యక్రమంలో ఫలానా, ఫలానా, తదితరులు పాల్గొన్నారు" అని మనం అలవాటుగా రాసే లైను ఉంది చూశావా, ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక, ఎవరు తదితరుల్లో కలిసిపోయారు అనేదాని మీద నేను తిన్న తిట్లు వార్త తప్పు రాసినందుకు కూడా తినలేదు. ఒకాయన పేరు జడ్పీటీసీ పేరు తర్వాత వచ్చిందని మూడు నెలలు నమస్కారం పెడితే తల తిప్పుకునేవాడు. పేర్లు, హోదాలు కాయితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకో, గుర్తుంటాయిలే అనుకోవద్దు.

ఎలక్షన్లొస్తే ఇంక చెప్పక్కర్లా. మా డీపీఆర్వోలకైతే ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనల్ని, మీడియాని చూసే కమిటీ) పని ఉంటుంది, పార్టీలు టీవీలో వేసే ప్రకటనలకి ముందు సర్టిఫికెట్టు ఇవ్వాలి, గుర్తింపున్న పార్టీ అయితే మూడు రోజుల ముందు, మిగతావాళ్ళు ఏడు రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, పెయిడ్ న్యూస్ (డబ్బిచ్చి వేయించుకునే వార్తలు) చూడాలి, గదిలో వరసగా టీవీలు, రాత్రీ పగలూ. నీకు అంత ఉండదు, కానీ ఆ నెలన్నర నీ ప్రెస్ నోట్‌లో మంత్రిగారి ఫొటో ఒక్కటి దొర్లినా ఎన్నికల కోడ్ ఉల్లంఘన కింద ఫిర్యాదు వెళ్తుంది, గుర్తుంచుకో.

అబద్ధం సంగతి పెద్ద ప్రశ్న, రాత్రికి తీరిగ్గా రాస్తా.

రాత్రిషిఫ్ట్

నేను డెస్కులో ఉంటానండి, జిల్లా పేజీలు చూస్తా, అంటే మీరు పంపేవన్నీ చివరికి నా బల్లమీదకే వస్తాయి. మీరు వెళ్తే గనక ఒక్క ఉపకారం చెయ్యండి, యూనికోడ్‌లో కొట్టి పంపండి బాబూ. ఇప్పటికీ సగం ఆఫీసుల్లో అను ఫాంట్‌లో కొట్టి పంపిస్తారు, ఫోన్లో తెరిస్తే గజిబిజి గీతలు, కంప్యూటర్లో తెరిస్తే వత్తులన్నీ ఎగిరిపోయుంటాయి. మిగతా సగం మంది ఆ నోట్‌ని ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, మళ్ళీ ఫోన్‌తో ఫొటో తీసి, వంకరగా, పక్కన టీ గ్లాసు కూడా కనిపిస్తూ పంపిస్తారు. రాత్రి ఎనిమిదిన్నరకి దాన్ని చూసి మొత్తం మళ్ళీ టైప్ చేసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి. బాగున్న వార్తలు కూడా అట్లానే పోతాయి, మీ శాఖ మీద మాకు పగేం లేదు.

రెండోది, మొదటి పేరాలో నీళ్ళు రావాలి. నిజంగా నీళ్ళే. "రైతు సంక్షేమమే ధ్యేయంగా అహర్నిశలు శ్రమిస్తున్న.." అని మొదలెట్టి ఆరు లైన్ల తర్వాత, ఫలానా తేదీ నుంచి కాలవకి నీళ్ళు వదులుతున్నాం అని ఎక్కడో మూలన పెడతారు. రైతుక్కావాల్సిన ముక్క అదొక్కటే కదా. నేను కత్తిరించేది పైనుంచి, అందరూ కిందనుంచి అనుకుంటారు గానీ గవర్నమెంటు నోట్‌కి మాత్రం పైనుంచే కత్తిరించాలి.

ప్రెస్‌క్లబ్ సంగతంటారా, మూడు రోజులు ఏడిపిస్తారు, నాలుగో రోజు నుంచి వాళ్ళే "అన్నా ఆ టెండర్ డీటెయిల్స్ కొంచెం" అని ఫోన్ చేస్తారు. మీరు ఫోన్ ఎత్తితే చాలు. మా దగ్గర ఒక ఆఫీసరున్నాడు, మంచి వార్త ఉన్నప్పుడు రోజుకి నాలుగుసార్లు చేస్తాడు, గొడవ జరిగిన రోజు స్విచాఫ్. అట్లాంటాయన వివరణ లేకుండానే వార్త వెళ్ళిపోతుంది, "స్పందించేందుకు అందుబాటులోకి రాలేదు" అని ఒక లైను కలిపి.

ఖమ్మం_పోరడు

అన్నా నీది నీళ్ళ బీటే గనుక చెప్తున్న, వానాకాలంల తెలుస్తది ఈ నౌకరి అంటే ఏందో. 2022 జూలైల భద్రాచలం కాడ గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు నేను పక్క జిల్లాల మీడియా సెల్‌ల ఉన్న. ఆడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 53 దాటితేనే అందరి గుండెలు గుబగుబ అంటయి, గట్లాంటిది 71. 1986ల 75.6 వచ్చిందని పెద్దోళ్ళు చెప్తె విన్నం గంతే, మళ్ళ అంత నీళ్ళు చూసింది అప్పుడే. మూడు రోజులు ఆఫీసుల బెంచీ మీదనే పన్న.

ఆ మూడు రోజుల్ల నేర్చుకున్నది ఏందంటే అంకె పక్కన టైమ్ లేకపోతే ఆ అంకె విషం. నేను మొదటి రాత్రి టైమ్ పెట్టకుండ నీటిమట్టం పంపిన. రాత్రి రెండింటికి పంపింది పొద్దున ఎనిమిదింటికి కూడ ఒక ఛానల్ల స్క్రోలింగ్ నడుస్తనే ఉన్నది, అప్పటికి నీళ్ళు ఇంకా మీదికొచ్చినయి. లోతట్టోళ్ళు టీవీ చూసి, ఇంకా టైమున్నదిలే అని కూసున్నరు. తహసీల్దార్ ఫోన్ చేసి నన్ను తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది, తప్పు నాదే మరి. అప్పటిసంది ప్రతి బులెటిన్ల ముందు టైమ్, తర్వాత అడుగులు, తర్వాత పెరుగుతున్నదా తగ్గుతున్నదా, గీ మూడే.

యూనిట్లు కూడ జాగ్రత్త. భద్రాచలం కాడ అడుగుల్ల చెప్తరు, కింద ధవళేశ్వరం కాడికి పోతె హెచ్చరికలు క్యూసెక్కులల్ల (సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్ళు పోతున్నయో) ఇస్తరు, 10 లక్షలు దాటితే మొదటిది, 13కి రెండు, 17కి మూడు. శ్రీశైలం 885 అడుగులు అంటే సముద్రమట్టం కాడికెళ్ళి లెక్క, అది తెల్వక ఒక యాంకరమ్మ "885 అడుగుల లోతు నీళ్ళు" అన్నది లైవ్‌ల. నవ్వకు, మన నోట్ల "సముద్రమట్టానికి" అని రాయకపోవుడే కారణం. మా కాడ ఒక ఆపరేటర్ లక్షా ఇరవై వేల క్యూసెక్కులు అని కొట్టమంటే లక్షా ఇరవై వేల టీఎంసీలు అని కొట్టిండు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు, లక్ష క్యూసెక్కులు రోజంత పారితె ఎనిమిదిన్నర టీఎంసీల మీద కొంచెం అయితది. శ్రీశైలం నిండితె 215, సాగర్ 312. లక్ష టీఎంసీలు అంటే దేశంల ఉన్న డ్యాములన్ని కలిపినా పట్టవు. ఆ నోట్ ఇద్దరు ఆఫీసర్లు చూసి ఓకే చేసిన్రు! ఆఖరికి పట్టుకున్నది ఎవరంటే ఒక మండల విలేకరి, "సార్ ఇది సముద్రం లెక్క ఉన్నది" అని ఫోన్ చేసిండు. నీ అసొంటోడు ఆ కుర్చీల ఉంటే గిట్ల కాదు, అందుకే పో అంటున్న.

వాట్సాప్‌ల ప్రెస్ గ్రూప్, ఆఫీస్ గ్రూప్ పక్కపక్కన పెట్టుకోకు. నేను "సార్ గీ నోట్ల రెండు లెక్కలు తప్పున్నయి, అయినా పైనోళ్ళు ఓకే అన్నరు" అని మా సార్‌కి పెట్టబోయి ప్రెస్ గ్రూప్‌ల పెట్టిన. నిమిషంల డిలీట్ కొట్టిన, అప్పటికే నాలుగు స్క్రీన్‌షాట్లు. ఇగ చూస్కో.

జీవో_కోసం_ఎదురుచూపు

అందరూ పని గురించి చెప్తున్నారు, అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. బ్రో అది అవుట్‌సోర్సింగ్. నేను ఏడేళ్ళుగా ఒక కార్పొరేషన్‌లో అదే చేస్తున్నా. జీతం ఏజెన్సీ ఇస్తుంది, ఆఫీసు బిల్లు పెడితే ఏజెన్సీకి వస్తుంది, ఏజెన్సీకి వచ్చాక నీకు. మధ్యలో బడ్జెట్ రిలీజ్ కాలేదంటే రెండు నెలలు గాలికి. ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు రావాలి, అది వచ్చేదాకా నువ్వు ఆఫీసులో ఉన్నట్టా లేనట్టా ఎవరికీ తెలీదు, కానీ పొద్దున్నే క్లిప్పింగ్స్ మాత్రం పంపాలి. నిన్ను పిలిచిన సార్ ట్రాన్స్‌ఫర్ అయితే? కొత్తాయన తన మనిషిని తెచ్చుకుంటే? గవర్నమెంటు మారితే "వీడు ఆళ్ళ టైంలో వచ్చినోడు" అంటారు, నువ్వు ఎవరి టైంలో వచ్చినా కూడా. పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారో లేదో మొదటి నెలే చూసుకో, మా దగ్గర ఎనిమిది నెలలు కట్ చేసి కట్టలేదు.

వెళ్ళొద్దు అనట్లేదు. పేపర్లో మాత్రం పర్మినెంటా ఏంటి. ఉద్యోగం ఖాయం అనుకుని ఇంటి లోను మాత్రం పెట్టకు.

కాలువగట్టు_కుర్రోడు

అందరికీ థాంక్సండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రాత్రిషిఫ్ట్ మేడం, వంకర ఫొటోల సంగతి చదివి మా ఆవిడకి వినిపించా, ఇద్దరం నవ్వుకున్నాం, ఎందుకంటే నేనూ వాటినే టైప్ చేసి చేసి వేళ్ళు అరగదీసుకున్నా. ఖమ్మం అన్నా, టైమ్ సంగతి రాసుకున్నా. పాత ప్రెస్‌నోట్ సార్, ఆ అబద్ధం విషయం చెప్తానన్నారు. నాకు నిద్రపట్టనిది అదొక్కటే. నేను రాసిన వార్తలకే ఎన్నోసార్లు ఖండనలొచ్చాయి, అందులో సగం అబద్ధాలని నాకు తెలుసు, రాసినోడికీ తెలుసు. రేపు ఆ రాసేది నేనవుతానేమో.

పాత_ప్రెస్‌నోట్

ఇదుగో వచ్చా. అబద్ధం రాయమని నన్ను ఎవరూ కాయితం మీద అడగలేదు తమ్ముడూ. "దీనికి ఒక రిజాయిండర్ (అంటే ఖండన) కొట్టెయ్" అంటారు, అంతే. ఆ కొట్టెయ్‌లోనే అన్నీ ఉన్నాయి.

ఒక జిల్లాలో చేస్తున్నప్పుడు ఒక వార్తొచ్చింది, ఫలానా ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఎనిమిది నెలలుగా కడగలేదు, పిల్లలకి విరేచనాలు అని. పొద్దున్నే సంబంధిత ఆఫీసరు ఫోన్, "పూర్తిగా నిరాధారం, ప్రతి పదిహేను రోజులకీ కడుగుతున్నాం, ఖండన ఇచ్చెయ్యండి" అన్నాడు. సరే, కడిగిన రిజిస్టరు పంపండి అన్నా. రిజిస్టరు సెక్రటరీ దగ్గరుంది, ఆయన మీటింగుకెళ్ళాడు, అదీ ఇదీ. అనుమానమొచ్చి పేపర్లో వచ్చిన ట్యాంకు ఫొటోని భూతద్దం పెట్టి చూశా, నిజంగా భూతద్దమే, అప్పుడు ఫోన్లో పెద్దది చేసుకోడాలు లేవు. ట్యాంకు మీద శుభ్రం చేసిన తేదీ అని పెయింటుతో రాస్తారు కదా, అది కనిపిస్తోంది. ఎనిమిది నెలల కిందటి తేదీ. ఆ కుర్రాడు ఆ తేదీ పడేలాగే ఫొటో తీశాడు, వార్తలో మాత్రం ఆ ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదో నీకు తెలిసే ఉంటుంది, ఖండన కోసం దాచుకున్నాడు. మేం నిరాధారం అని పంపితే మర్నాడు మా ఖండన పక్కనే ఆ తేదీని గుండ్రం చుట్టి పెద్దగా వేసేవాడు.

నేను వెళ్ళి పెద్దాయనకి ఆ ఫొటో చూపించా. "ఖండన వద్దు సార్, వివరణ ఇద్దాం, ఇవాళే కడిగిద్దాం" అన్నా. ట్యాంకు ఆ మధ్యాహ్నమే కడిగారు, వైద్య శిబిరం పెట్టారు, ఇన్నాళ్ళు కడగని మాట వాస్తవం అని మాత్రం రాయలేదు, రాయనివ్వరు కూడా, "వార్తకు స్పందించి చర్యలు తీసుకున్నాం, ఇకపై ఫలానా తేదీల్లో శుభ్రం చేస్తాం" అని రాశాం. ఆ పేపరు వాళ్ళు మా వార్తకు స్పందన అని వేసుకున్నారు. ఆ ఆఫీసరు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఆ కుర్రాడు మా ఆఫీసుల గురించి వార్త ఏదున్నా ముందు నాకు ఫోన్ చేసి "సార్ మీ వెర్షన్" అని అడిగేవాడు.

కాబట్టి ఖండనకీ వివరణకీ మధ్య ఉన్న సందులోనే నువ్వు బతకాలి. ప్రతిసారీ ఆ సందు దొరకదు, అది కూడా చెప్తున్నా. రెండు మూడుసార్లు నేనూ తలొంచుకుని ఖండన పంపా, అవి ఎప్పటివో తారీఖులతో సహా గుర్తున్నాయి. పంపేముందు ఒక్క పని చేసేవాణ్ణి, ఆఫీసరు చెప్పింది ఆయన సంతకంతో తీసుకుని ఫైల్లో పెట్టుకునేవాణ్ణి. సంతకం అడిగితే చాలామంది "సర్లెండి, ఆ ఖండన ఆపండి" అనేవాళ్ళు.

ఢిల్లీలో_ఉన్నా

నేను కేంద్రం వైపు, సమాచార సర్వీసులో ఉన్నాను. మాది యూపీఎస్సీ సివిల్స్ రాసి వచ్చే దారి, ట్రైనింగ్ ఢిల్లీలోని ఐఐఎంసీ అనే జర్నలిజం సంస్థలో, తర్వాత పీఐబీ (కేంద్రం ప్రెస్ నోట్లు ఇచ్చే విభాగం), ఆకాశవాణి, దూరదర్శన్ ఇలా తిప్పుతారు. మీ వయసుకి ఆ దారి దాటిపోయుంటుంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

ఒక విషయం మాత్రం జాగ్రత్త. ఊళ్ళల్లో పీఆర్వోకీ పీఐవోకీ తేడా తెలీదు. సమాచార హక్కు దరఖాస్తులు తెచ్చి మీ చేతిలో పెడతారు, మీరు మంచితనానికి తీసుకుని సొరుగులో పెట్టుకుంటే 30 రోజుల గడువు పరిగెడుతూ ఉంటుంది. ఆ శాఖ ప్రజా సమాచార అధికారి ఎవరో మొదటిరోజే కనుక్కుని అక్కడికి పంపెయ్యండి, రసీదు ఇప్పించండి. మీరు కొత్తగా వదిలేసిన విలేకరి స్నేహితులే ఎక్కువ పెడతారు చూస్తూ ఉండండి, హహ.

ఇంకో మాట. పీఐబీ 2019లో ఫ్యాక్ట్ చెక్ విభాగం మొదలెట్టాక, నచ్చని వార్త మీద ఎర్ర సిరాతో ఫేక్ అని ముద్ర కొట్టి గ్రూపుల్లో తిప్పడం కింది ఆఫీసుల్లో కూడా కొందరికి అలవాటైంది. మీ సార్ అడిగితే ఆ పనికి ఒప్పుకోకండి. వార్తలో ఏ లెక్క తప్పో ఆ లెక్క చెప్పండి, సరైనదేదో ఇవ్వండి. ముద్ర కొట్టడానికి చదువు అక్కర్లేదు, కానీ తర్వాత ఆ వార్త నిజమని తేలితే మొహం మీదే ఉంటుంది ఆ ముద్ర.

రాత్రిషిఫ్ట్

పాత ప్రెస్‌నోట్ గారూ ఆ ట్యాంకు కథ చదివాక మీరు ఏ జిల్లాలో చేశారో అడగాలనిపిస్తోంది, కానీ అడగను 😄 ఫొటోలో సాక్ష్యం దాచుకోడం మా వాళ్ళకి ఇప్పటికీ ఉన్న అలవాటే.

కాలువగట్టు గారూ, తిరిగి రావడం గురించి అడిగారు కదా. మా డెస్కులో ఒకాయన రెండేళ్ళు మంత్రి పేషీలో చేసి తిరిగొచ్చారు. తీసుకున్నారు గానీ ఆ శాఖ వార్తలు మాత్రం ఏడాదిపాటు ఆయన చేతికి ఇవ్వలేదు. మీకైతే ఇరిగేషన్ తప్పిస్తే ఇంకేం రాస్తారు, అది ఆలోచించుకోండి.

పాత_ప్రెస్‌నోట్

చేరేముందు ఒక్కటి అడుగు. రివ్యూ మీటింగ్‌లో లోపల నాకు కుర్చీ ఉంటుందా అని. బయట వరండాలో నిలబెట్టి, అయిపోయాక "సార్ ఇలా అన్నారు" అని ఇంకెవరో చెప్తే రాయాలంటే ఆ ఉద్యోగం చెయ్యలేవు. జీతం కన్నా ముందు అది తేల్చుకో.

కాలువగట్టు_కుర్రోడు

సార్, ఇవాళ వెళ్ళి అడిగా. నవ్వారు, "కుర్చీయే కదా, నా పక్కనే వేయిస్తా" అన్నారు. నోట్ మీద సంతకం మీటింగ్ హాల్లోనే పెడతానని కూడా ఒప్పుకున్నారు. సంతోషంగా బయటికొచ్చి సెక్షన్‌లో ఏజెన్సీకి పంపే కాయితం చూశా. పీఆర్వో అనే పోస్టు శాంక్షన్ లేదంట. నా హోదా దగ్గర డేటా ఎంట్రీ ఆపరేటర్ అని ఉంది.

జీవో_కోసం_ఎదురుచూపు

😂😂 బ్రో నేను ఏడేళ్ళుగా రికార్డ్ అసిస్టెంట్‌ని. మా ఫొటోగ్రాఫర్ అటెండర్. చేరిపో, కానీ విజిటింగ్ కార్డు మాత్రం సొంత డబ్బులతో కొట్టించుకోవాలి.